మరుగుదొడ్డి గోతిలో పడిన మాంగనీసు

విశాఖపట్నం ఖనిజ నిక్షేపాల పరిరక్షణాధికారి గారి సముఖమునకు,
బోడిమెట్టపాలెం రైతు యల్లపు గురునాథరావు రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా పెరట్లో మరుగుదొడ్డి కోసం తవ్విన గోతిని అక్రమ గనిగా రాసిన కేసు ఎత్తివేయుట గురించి.

1. కొండ దిగువన నాకున్న కొద్దిపాటి మెట్ట చెక్కలోనే మా ఇల్లు ఉన్నది. కొన్నేళ్ల కిందట తమ శాఖవారు బోరు బండి తెచ్చి, పెరటి వెనక లోతుగా దింపి, రాతిని చెరకు ముక్కల్లాగ తీసి పెట్టెల్లో పేర్చి పట్టుకెళ్లారు. మా గోడ మీద ఎర్రరంగుతో నంబరు వేశారు. వద్దనలేదు.

2. భూమి పోతుందేమోనని, వచ్చినవారిలో రాళ్లు చదివిన హిమబిందు గారిని పరిహారం సంగతి అడిగాను. ఆమె చెప్పినది: "మాంగనీసు ఉంది గురునాథరావు గారూ, కానీ పలచగా ఉంది. తవ్వితే ఖర్చు కూడా రాదు. ఖర్చు రానిదాన్ని మేం ముడిఖనిజం అనం. రేపు ధర పెరిగితే ఇదే రాయిని అంటాం." ధర పెరిగేవరకు మా చెక్కను నిలిపి ఉంచుతారట. అమ్మరాదు, తవ్వరాదు, పరిహారం లేదు. ఆమెపై నాకు ఫిర్యాదు లేదు. ఉన్నమాట చెప్పారు.

3. నా భార్య పైడితల్లి గట్టు మీద జారి పడగా తుంటి కింద ఎముక విరిగి రాడ్డు వేశారు. చేలగట్టు దాకా నడవలేదు, గొంతుక్కూర్చోలేదు. మండలాఫీసువారు కుర్చీ రకం మరుగుదొడ్డి మంజూరు చేశారు. గొయ్యి తవ్వాను. సిమెంటు రింగులు కూడా తెచ్చాను.

4. తమ తనిఖీదారు దేవీప్రసాద్ గారు వచ్చి గొయ్యి చూసి, "ఏటయ్యా, ఎవర్నడిగి తీశావు మాంగనీసు?" అన్నారు.

"మాంగనీసు కాదు బాబూ, లెట్రిన్ గొయ్యి."

"నువ్వేటి కడతావో నాకెందుకు? ఏటి తీశావో అదే రాస్తాను."

రాశారు. గోతి చుట్టూ తాడు కట్టించి, పైకి తీసిన మట్టిని జప్తు చేశారు. ఆ మట్టికి కాపలా నేనే ఉండవలెనట. పరిహారం అడిగిన రోజున ఖనిజం కానిది, మరుగుదొడ్డి తవ్విన రోజున ఎలా ఖనిజమయిందో తాము తెలియజేయవలెను.

5. నా భార్య తమ్ముడు సాయిశంకర్ కూర్మన్నపాలెంలో ఆటో నడుపుతాడు. అతను, "బావా, మట్టి తీసినందుకు కేసయితే తిరిగి ఏసేత్తే కొట్టేత్తారేటి? అడిగి సూడు" అన్నాడు. అడిగాను. జప్తు సొత్తు ముట్టుకుంటే సాక్ష్యం చెరిపిన కేసు ఇంకొకటి అవుతుందన్నారు. కాబట్టి గొయ్యి కట్టరాదు, పూడ్చరాదు.

6. వానలకు గొయ్యి నిండింది. అందులో కుక్కపిల్ల పడి చచ్చింది. తాడు దాటరాదని నోటీసు గనుక తీయలేదు. కంపు మాత్రం తాడు దాటి మా వంటింట్లోకి వచ్చింది. దేవీప్రసాద్ గారు రెండోసారి వచ్చి, ముక్కుకు రుమాలు కట్టుకుని ఫొటో తీసుకెళ్లారు.

7. అది చూశాక నా భార్య తమ్ముడింటికి వెళ్లిపోయింది. "నానేటి కుక్కనా, సాటు ఎతుక్కోడానికి? లెట్రిన్ అయిన్నాడే వత్తాను" అన్నది. ఆమెను కూర్మన్నపాలెంలో దింపి, తమ ఆఫీసుకని ఓడరేవు రోడ్డున వచ్చాను. అక్కడ ఓడకెక్కించే ఖనిజం గుట్టలు మా మట్టి రంగువే చూశాను. వాటికి టార్పాలిన్లు కప్పి ఉన్నవి. గుట్టకున్న చాటు మా ఇంటి ఆడమనిషికి లేదు. ఇంతకన్న రాయడానికి రోత పుడుతున్నది.

కావున, ఆ మట్టి ప్రభుత్వానికి కావాలంటే లారీ పంపి పట్టుకుపోవలెను. మాంగనీసు తమది. అది తీయగా మిగిలిన గొయ్యి మాకు ఇప్పించవలెను. ఇందులో తవ్వి దాచినది ఏమీ లేదని తాము చిత్తగించవలెను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
యల్లపు గురునాథరావు

తా.క. ఇది టైపు అయిన తరువాత చేత్తో రాస్తున్నాను. నిన్న ఇంటికి వెళ్లేసరికి నా భార్య, తమ్ముడి ఆటోలో వచ్చేసి ఉన్నది. తమ్ముడుండే ఇంట్లో అద్దెకున్న వాళ్లందరికీ కలిపి ఒకటే దొడ్డి అట. అరుగు మీద కూర్చుని, గోతిలో నీళ్లు తమ్ముడి చేత తోడిస్తున్నది.

"అర్జీ టైపయింది, కొన్నాళ్లాగు" అన్నాను.

"నీ ఆఫీసరుని ఆపుకోమను నాలుగు రోజులు. అప్పుడు నాను ఆగుతాను. ఆ రింగులు దింపు" అన్నది.

దింపాము. కుక్కపిల్లను దూరంగా పాతిపెట్టాము. అందుకోసం తవ్వినది కూడా కేసులో కలుపుకోవచ్చును. ఈ వారంలో గోడలు లేస్తాయి, తలుపు బిగిస్తాము. ఇకమీదట తనిఖీకి వచ్చేవారు ముందుగా దగ్గి, తలుపు కొట్టి, జవాబు విని రావలెను. లోపల మనిషి ఉండవచ్చును.