రెండో మూట కూడా విప్పమన్నాను

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన చేనులో సోలార్ పలకలు పరిచాక ఇంట్లో వేరుశనగ పొట్టు లేదు, కంది కట్టె లేదు. అందుకే నీళ్ళ పొయ్యిని బొగ్గులకు మార్చేశాను.

చలికాలంలో నీ కుంపటికి బొగ్గులిచ్చిన నాగలమడిక ఊరి ఆయనే ఇవాళ రెండు మూటలు తెచ్చాడు. అందరికంటే తక్కువకే ఇస్తానన్నాడు. ఆ మాటతోనే నాకు అనుమానం మొదలైంది. తడిపి బరువు పెంచాడేమో, అడుగున మట్టి నింపాడేమో!

"ఎందుకింత తక్కువ?" అన్నాను.

"జాలికంప బీళ్ళలో ఊరికే దొరుకుతాది కదప్పా. నేనే కొట్టి, నేనే కాలుస్తా. నమ్ము."

"నమ్మేది తర్వాత. ముందు మూట ఇప్పి ఈడ కుమ్మరించు."

వాకిట్లో కుప్ప పోశాడు. అడుగున ఉన్న రెండు ముక్కలు తీసి, నువ్వు చేసినట్టే చెవి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టాను. తడి లేని బొగ్గులా ఖంగుమన్నాయి. అయినా ఒకటి విరిచి వాసన చూశాను.

ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"మీ నాయన పోయినాడని ఎవురు చెప్పినారప్పా? ఈడే నిలబడుకోని ఉండాడే!"

విరిచిన ముక్కను కుప్పలో వేశాను. తర్వాత రెండో మూట కూడా విప్పమన్నాను.