అంగీకార పత్రం

ప్రియమైన నాన్నగారికి, మీ ప్రశ్నలపుట్ట నమస్కారాలు.

ఫోనులో అడుగుదామంటే పక్కనే అమ్మ ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం.

గతవారం మా కాన్పుల వార్డులో ఒకామె కడుపులో బిడ్డ గుండె నెమ్మదించింది. నిమిషానికి నూట నలభై కొట్టుకోవలసింది డెబ్భైకి దిగింది. బొడ్డుతాడు నొక్కుకుపోయింది. వెంటనే ఆపరేషన్ చేయాలి. ఆమె భర్త మా అంగీకార పత్రాన్ని రెండువైపులా చదువుతూ నిలబడ్డాడు. "సంతకం పెట్టండి బాబూ" అంటే, "అర్థంకాకుండా ఎలా పెట్టేది సిస్టర్?" అన్నాడు. తప్పు అతనిది కాదు, పత్రానిది. బిడ్డ నీలంగా పుట్టింది, ఏడవలేదు. మాస్కుతో ఊపిరి అందించాం. మూడు రోజులు ఒళ్లు చల్లబరిచి ఉంచాం. ఆక్సిజన్ అందక దెబ్బతిన్న మెదడు ఇంకా పాడవకుండా అలా చేస్తాం. అదీ ఆరు గంటలలోపు మొదలుపెడితేనే. ఏ మేరకు కోలుకుంటుందో ఏడాది దాటితే గాని తెలియదు.

ఇన్నేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన మీరే ఆ పత్రాన్ని తిరగరాయాలి, కంగారులో ఉన్నవాడికి ఒక్క చూపులో తెలిసేలా.

ఇంకొకటి. అక్క పుట్టకముందు మెట్లమీద జారిపడ్డాననీ, దాని చేతులూ మాటా అందుకే ఇలా అయ్యాయనీ అమ్మ ముప్పై ఆరేళ్లుగా చెబుతోంది. పడినందువల్ల బిడ్డకు ఊపిరి ఆగాలంటే గర్భసంచిని అంటుకుని ఉండే మాయ కాన్పుకు ముందే ఊడాలి. నొప్పి రావాలి, చాలాసార్లు రక్తం కూడా పోతుంది. అమ్మకు పోయిందా?

మీ చిన్నది

*

చిరంజీవి ప్రశ్నలపుట్టకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ కుశలము. మీ అక్క నిన్న చదరంగంలో నన్ను మళ్ళీ ఓడించి, అక్షరాల పలక మీద వేలు జరుపుతూ "వయసైపోయింది" అని తీర్పు చెప్పింది. నాలుక సహకరించకపోయినా దాని వెటకారానికి ఏ లోటూ లేదు.

నీవడిగిన పత్రం నావల్ల కాదు. దీర్ఘసమాసాలకు అలవాటుపడిన చేతికి పొడిమాటలు లొంగవు. ఇక రక్తం సంగతి నాకు జ్ఞాపకం లేదు. గతాన్ని తవ్వి ప్రయోజనమేమి?

నీ మేలు కోరే నాన్న

*

ప్రియమైన నాన్నగారికి,

వేయి పద్యాలు కంఠతా ఉన్నవారికి ఆ ఒక్కరోజే జ్ఞాపకం లేదా? అమ్మ ఈనాటికీ మెట్లు దిగుతూ గోడ పట్టుకుని ఆగుతుంది. అది మోకాళ్ల నొప్పి కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. చెప్పండి.

మీ చిన్నది

*

చిరంజీవి చిన్నమ్మాయికి,

రక్తం పోలేదు, నొప్పీ రాలేదు. పడినది కాన్పుకు మూడు వారాల ముందు. అదీ రెండే మెట్లు.

ఆనాడు నర్సు పత్రం తెచ్చి, "బిడ్డ గుండె నెమ్మదిస్తోంది, త్వరగా సంతకం చేయండి" అన్నది. చదవనిదే దేనిమీదా సంతకం చేయని నియమం నాది. "ఏమి జరిగినా ఆసుపత్రికి బాధ్యత లేదు" అన్న వాక్యం దగ్గర ఆగాను. ఏమి జరిగినా బాధ్యత లేదనడం ఏ ధర్మమని వాదించాను. ఆ వాక్యం కొట్టివేస్తేనే సంతకమన్నాను. పెద్ద డాక్టరును పిలిపించమన్నాను. గోడ గడియారం నా ఎదుటనే ఉన్నది. ఇరవై నిమిషాలు.

ఇంద్రియాలన్నీ తమలో ఎవరు గొప్పని తగవులాడి, ఊపిరి లేచి వెళ్లబోయినప్పుడు గాని దానికి తలవంచని ఆ ఉపనిషత్తు కథను ఏటేటా తరగతిలో వివరించినవాడిని. తలుపు అవతల ఊపిరి లేచి వెళుతుండగా నేను ఒక వాక్యంతో తగవులాడాను.

బిడ్డకు రెండవ నాడు మూర్ఛలు వచ్చాయి. మూడవ నాడు మీ అమ్మ, "నేను పడడం వల్లే" అన్నది. నేను కాదనలేదు. నేటికీ అనలేదు.

నాన్న

*

ప్రియమైన నాన్నగారికి,

మిమ్మల్ని ఓదార్చడం నాకు చేతకాదు. ఆ ఇరవైలో ఏ నిమిషం అక్క మాటను పట్టుకుపోయిందో, పత్రం మీ చేతికి రాకముందే ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. మీరు వెంటనే సంతకం చేసినా ఆపరేషన్ గది సిద్ధంగా ఉండేదో లేదో. అయితే అమ్మ సంగతిలో సందేహం లేదు. ఆమె తప్పు లేదు. ఆ మాట ఆమె మీ నోట వినాలి. వచ్చే నెల వస్తున్నాను. అప్పటికి మీరు చెప్పకపోతే నేను చెబుతాను.

మీ చిన్నది

*

చిరంజీవి చిన్నమ్మాయికి ఆశీస్సులు.

నిన్న మధ్యాహ్నం చెప్పాను. మీ అమ్మ బట్టలు మడతపెడుతున్నది. మీ అక్క కిటికీ దగ్గర కూర్చుని వింటున్నది. అంతా విని మీ అమ్మ దుప్పటి కొసలు నాకందించి, "గట్టిగా పట్టుకోండి" అన్నది. మడత పూర్తయిన తరువాత అన్నది:

"నాకు తెలుసండీ. తలుపు అవతల మీ గొంతు వినిపిస్తూనే ఉందిగా. ఒకటే వాదన."

"తెలిసీ, పడడం వల్లేనని ఎందుకన్నావు?"

"మూడు రోజులైనా మీరు పిల్లను ముట్టుకోలేదు. అద్దాల గది బయటే స్తంభంలా నిలబడ్డారు. తప్పు మీదంటే ఇక జన్మలో ఎత్తుకోరనిపించింది. నామీద వేసుకున్నా. ఆ సాయంత్రమే లోపలికొచ్చి ఎత్తుకున్నారు."

"మరి మెట్ల దగ్గర ఆగుతావేం?"

"మోకాళ్ల నొప్పి! మీ నర్సు కూతురికి అన్నిటికీ అర్థాలు కావాలి."

తరువాత మెల్లగా అన్నది: "అయినా నన్నెవరూ అడగలేదు. ఆ కాగితం నా చేతికిచ్చి ఉంటే నేనే పెట్టేదాన్ని సంతకం."

మీ అక్క పలక మీద వేలు జరిపింది: "పత్రం రాయండి."

వ్రాశాను. మొదటి ప్రతి చూసి "పొడవు" అన్నది. రెండవదానికీ అదే మాట. ఇది ఏడవది.

"బిడ్డకు ఊపిరి అందడం లేదు. ఇప్పుడే ఆపరేషన్ చేయాలి. ఇందులో తల్లికీ బిడ్డకూ ప్రమాదం ఉండవచ్చు. ఆలస్యమైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. నాకు అర్థమైంది. చేయండి."

సంతకానికి రెండు గీతలు గీశాను. పై గీత పక్కన "తల్లి" అని వ్రాశాను.

నీ నాన్న