నాలుగో పని

16-6-97, సోమవారం
బడి తెరిచాం. హెడ్మాస్టర్ సుబ్రమణ్యం సారుకు మూడు, నాలుగు, ఐదు తరగతులు. నాకు ఒకటి, రెండు. గదులు రెండే. రెండో తరగతిలో ఇరవై మంది. అందులో తడుముకోకుండా చదవగలిగేది ఆరుగురు. వేసవిలో ఇచ్చిన ట్రైనింగ్‌లో గ్రూప్ వర్క్ గురించి అందరం నోట్సు రాసుకున్నాం. ఈ ఏడు నిజంగా పెట్టి చూడాలి.

20-6-97
వరసలు తీసేశాను. నలుగురు చొప్పున ఐదు జట్లుగా గుండ్రంగా కూర్చోబెట్టాను. పేర్లు వాళ్ళే పెట్టుకున్నారు. అన్నీ మామిడి పేర్లే: నీలం, బేనీషా, తోతాపురి, మల్గోవా, ఖాదర్. ఈ ఊళ్ళో పిల్లలకు అక్షరాలు రాకపోయినా కాయలు తెలుసు. రూతు అనే పిల్ల ఆకు నలిపి వాసన చూసి ఏ చెట్టుదో చెప్పేస్తుంది. కాలనీ పిల్ల. తల్లి సంతోషమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోతుంది. తండ్రి లేడు.

ప్రతి జట్టులో నలుగురికీ నాలుగు పనులు ఉండాలి. ఒకరు లీడర్, ఒకరు పలకలు పంచాలి, ఒకరు సుద్దముక్కలు చూసుకోవాలి. నాలుగో పని ఏమిటో జట్టే తేల్చుకోవాలి.

మధ్యాహ్నం సుబ్రమణ్యం సార్ తొంగి చూశారు. ఏమప్పా, పిల్లోళ్ళను గుంపులు గుంపులుగా కూసోబెట్టినావు, పంచాయితీ ఎలక్షనా, ఓట్లు ఎప్పుడు అన్నారు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

24-6-97
శుక్రవారం శుక్రవారం పరీక్ష. బోర్డు మీద నేను రాసిన వాక్యాన్ని జట్టులో అందరూ చదివితే చార్టు మీద స్టార్. ఒక్కరు చదవకపోయినా లేదు. అలా అయితేనే చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు నేర్పుతారు.

నీలం జట్టులోని రూపేష్ లేచి, ఎవురన్నా బడికి రాకుంటే ఎట్ల సార్ అని అడిగాడు. వచ్చినవాళ్ళు చదివితే చాలు అన్నాను. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న బిడ్డ వల్ల జట్టుకు నష్టం రాకూడదు కదా.

27-6-97, శుక్రవారం
నాలుగు జట్లకు స్టార్లు. నీలానికి లేదు. లీడర్ పల్లవి, రూపేష్ గడగడా చదివారు. మునిచంద్ర తడుముకుంటూ చదివాడు. పోయిన ఏడు వాడికి 'అ' కూడా రాదు. పల్లవి ఈ వారమంతా మధ్యాహ్నం అన్నం బెల్లులో వాణ్ణి పక్కన పెట్టుకుని గులకరాళ్ళతో అక్షరాలు పేర్పించింది. పదకొండేళ్ళ సర్వీసులో నా బోధనతో ఒక పిల్లవాడు ఇంత తొందరగా చదవడం చూడలేదు. అది నా బోధన కాదు కూడా.

జట్టులో నాలుగోది రూతు. బోర్డు వైపు చూస్తూ నిలబడింది. నోరు తెరవలేదు.

4-7-97
మళ్ళీ నీలం ఒక్కదానికే లేదు. పల్లవి ఏడ్చింది. వాళ్ళ నాయన నారాయణ పెద్ద రైతు. ఇంట్లో రోజూ స్టార్ వచ్చిందా అని అడుగుతున్నాడట.

రూతుకు ఈ రోజు నేర్పింది రేపటికి ఉండదు. మరీ బుర్ర లేని పిల్ల కాదు. దానికి వేరే దారి ఏదో ఉండాలి. నాకు తెలియదు. ట్రైనింగ్‌లో చెప్పలేదు.

దాని మోచేతి మీద గోటి గుర్తులు కనిపించాయి. నీలం వాళ్ళను పిలిచి గట్టిగా చెప్పాను. గిచ్చకూడదు, కొట్టకూడదు, తిట్టకూడదు. ఏదైనా మంచిగా మాట్లాడుకోండి అన్నాను.

11-7-97
రూతు రాలేదు. నీలానికి మొదటి స్టార్. గది అదిరిపోయేలా చప్పట్లు కొట్టారు.

14-7-97
రూతు వచ్చింది. జ్వరమా అంటే తల అడ్డంగా ఊపింది. అంతకంటే అడగలేదు.

18-7-97
రూతు రాలేదు. ఐదు జట్లకూ స్టార్లు.

21-7-97
రూతు వచ్చింది.

మండలం నుంచి కాగితం వచ్చింది. 25న ఎమ్‌ఈవో గారి విజిట్. చుట్టుపక్కల బళ్ళ నుంచి పన్నెండు మంది టీచర్లు నా క్లాసు చూడ్డానికి వస్తారట. సుబ్రమణ్యం సార్ గోడలకు సున్నం కొట్టిస్తున్నారు. నీ పుణ్యాన మన బడికి పెండ్లి కళ వచ్చిందబ్బా అన్నారు.

సోమవారం నుంచి గురువారం దాకా బడికి వచ్చే పిల్ల శుక్రవారం మాత్రం ఎందుకు రాదు? ఈ ప్రశ్న నాకు పోయిన శుక్రవారమే వచ్చింది.

25-7-97, శుక్రవారం, ఉదయం 8.30
సైకిల్ మీద వస్తుంటే కాలనీ దగ్గర రోడ్డు కింది మోరీ గట్టు మీద రూతు కనిపించింది. తలకు నూనె రాసి రెండు జడలు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లేచి నిలబడి గుడ్ మార్నింగ్ సార్ అంది. బెల్లు కొట్టాను. సైకిల్ ఆపలేదు.

అదే రోజు, సాయంత్రం 5
డెమో బాగా జరిగింది. ఐదు జట్లూ చదివాయి. మునిచంద్ర చదువుతుంటే ఎమ్‌ఈవో గారు వాడి వీపు తట్టారు. వచ్చే నెల టీచర్ల మీటింగులో దీని గురించి నేను మాట్లాడాలట.

పొద్దున ఆగి, ఎక్కించుకుని తెచ్చి ఉంటే నాలుగే చదివేవి. అప్పుడైనా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఐదు కావాలనుకున్నది నేను.

28-7-97
అన్నం బెల్లులో రూతును ఒక్కదాన్నే పిలిచి అడిగాను. చెప్పడానికి అది ఏమీ సంకోచించలేదు. జట్టులో అందరికీ పని ఉండాది గదా సార్ అంది. పల్లవి లీడరంట, రూపేష్‌ది పలకలంట, మునిచంద్రది సుద్దముక్కలంట. మరి నీది అన్నాను. నాది శుక్రవారం రాకుండా ఉండేది సార్ అంది. ఇంట్లో ఉంటే అమ్మ బడికి తోలుతుందని మోరీ కాడ కూసుంటా, బడి ఇడిసినాక మునిచంద్ర వచ్చి స్టార్ వచ్చిందని చెప్తే ఇంటికి పోతా అంది.

తర్వాత, మొన్న కూడా వచ్చింది గదా సార్ అని అడిగింది.

వచ్చింది అన్నాను.

29-7-97
చార్టు పీకేశాను. మళ్ళీ వరసలు. నీలం ముగ్గుర్నీ నిలబెట్టాను. రూపేష్ నేల చూస్తున్నాడు. మునిచంద్ర, నేను పోయి చెప్పొచ్చినా సార్, అంతే, మా ఈదిలోనే వాళ్ళిల్లు అన్నాడు. పల్లవి మాత్రం నా ముఖంలోకి చూసి, మేం కొట్టలేదు సార్, తిట్టలేదు, నువ్వు చెప్పినట్టే మంచిగా మాట్లాడుకున్నాం, అది కూడా సరే అనింది అంది. ఏడేళ్ళ పిల్ల. చేతిలో బెత్తం ఉంది. ఎవర్ని కొట్టాలో తెలియక బల్ల మీద పెట్టేశాను.

ఇకనుంచి శుక్రవారం కూడా రా అని రూతుకు చెప్పాను. సరే అంది. స్టార్లు ఇంక ఎందుకు ఇవ్వనో అడిగింది.

అన్నం బెల్లులో గులకరాళ్ళ దగ్గర ఎవరూ కూర్చోలేదు.

1-8-97, శుక్రవారం
రూతు రాలేదు. మునిచంద్రను పంపాను. వాడు వచ్చి, వాళ్ళమ్మ ఫ్యాక్టరీకి పిల్చుకోనిపోయింది సార్ అన్నాడు. రూతు మోరీ కాడ కూర్చునే సంగతి నిన్న ఎవరో సంతోషమ్మకు చెప్పారట.

6-8-97
ఈ వారం ఒక్క రోజూ రాలేదు. సాయంత్రం కాలనీకి పోయాను. సంతోషమ్మ అప్పుడే పని నుంచి దిగింది. చేతులు మోచేతుల దాకా పసుప్పచ్చగా ఉన్నాయి. కూర్చోమని చాప వేసింది. గొంతు పెంచలేదు. నేనేమన్నా పంపకుండా ఉండానా అయివారా, పిల్లోళ్ళే వద్దన్నారంట, వద్దన్న చోటికి బిడ్డను మెడబట్టి తోయమంటావా అంది. ఆ పద్ధతి తీసేశానని చెప్పాను. ఇప్పుడు తీసేస్తే నా బిడ్డ మూడు శుక్రవారాలు మోరీ మీద కూసున్నది పోతుందా అంది. తర్వాత, నువ్వు ఆ దోవనే గదా దినామూ వచ్చేది, నీకు కనపడలేదా అని అడిగింది.

కనపడలేదు అన్నాను.

రూతు గుడిసె గడపలో నిలబడి వింటోంది.

12-8-97
సెలవు పెట్టి ఫ్యాక్టరీకి పోయాను. వాచ్‌మన్ దామోదరం లోపలికి వదల్లేదు. పిల్లకాయలు ఎవురూ లేరప్పా ఈడ, అంతా పెద్దోళ్ళే అన్నాడు. గేటు సందులోంచి షెడ్డు కనిపిస్తోంది. ఆడవాళ్ళు కాయలు కోస్తుంటే పిల్లలు టెంకలు ఏరుతున్నారు. టెంకల కుప్పకు నలుగురేసి. గుండ్రంగా కూర్చుని ఉన్నారు. రూతు చేతులు మిగతా ముగ్గురి కన్నా వేగంగా ఆడుతున్నాయి. పక్కపిల్ల ఏదో అంటే నవ్వింది. నా తరగతిలో అది నవ్వడం చూసిన గుర్తు లేదు.

పిలుద్దామనుకున్నాను. పిలవకుండానే తిరిగి వచ్చేశాను.

21-8-97
టీచర్ల మీటింగులో ఇరవై నిమిషాలు మాట్లాడాను. మునిచంద్ర గురించి, గులకరాళ్ళ గురించి చెప్పాను. చార్టు పీకేసిన సంగతి చెప్పలేదు. ఒక టీచరమ్మ లేచి, జట్టులో ఒకరు మరీ వెనకబడితే ఏం చేయాలి సార్ అని అడిగింది. టైం అయిపోయిందన్నారు.

1-9-97
రూతు పేరు రిజిస్టర్లో కొట్టేశాను. కారణం గడిలో 'తల్లి అశ్రద్ధ' అని రాశాను. సుబ్రమణ్యం సార్ చూసి సంతకం పెట్టారు.