ఆరు రోల్స్ చాలు

శనివారం, ఉదయం ఏడు.
తీర్మానం: ఇకపై ఈ ఇంట్లో ఏ పనికీ బయటి మనిషిని పిలవను. ముఖ్యంగా మా తోడల్లుడిని. ఆయన గోడకి ఒక్క మేకు కొట్టినా, మా వదినగారు వెంటనే ఫోన్ చేసి చెల్లెలికి చెబుతుంది. మా ఆవిడ అంతా విని నా వైపు చూస్తుంది. అదే బాధ.

మొదటి పని: సామాన్ల గది ఖాళీ చేశాం. ఇక అది మా అమ్మాయిది. ఏడో తరగతి. ఇన్నాళ్ళూ నాయనమ్మ పక్కన, నాయనమ్మ గురక పక్కన పడుకుంది. వచ్చే శనివారం ఇద్దరు స్నేహితురాళ్ళు గది చూడ్డానికి వస్తున్నారు. వాల్‌పేపర్ తనే ఎంచుకుంది. నీలం మీద పెద్ద పెద్ద తెల్ల కొంగలు.
"శనివారానికి అయిపోతుందా నాన్నా?"
"ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను తల్లీ!"

ఆదివారం.
కొలిచాను. గోడల వైశాల్యం. అందులోంచి తలుపు తీసేశా. కిటికీ తీసేశా. రోల్ వైశాల్యంతో భాగించా. ఆరుకి కాస్త ఎక్కువొచ్చింది. బీరువా వెనక ఎవరు చూడొచ్చారు? అదీ తీసేశా. సరిగ్గా ఆరు! శేషం సున్నా! ఇంత అందమైన జవాబు పాఠ్యపుస్తకాల్లో కూడా రాదు.
మా ఆవిడ: "ఒక్కసారి బావని అడిగితే..."
నేను వినలేదు. వినపడింది, వినలేదు.

సోమవారం, సాయంత్రం.
కొట్టాయన తొమ్మిది తీసుకోమన్నాడు. "డిజైన్ కలవాలి కదా సార్. మిగిలితే తెచ్చిచ్చేయండి." సరుకు అంటగట్టే తెలివి! గుణకారం తెలిసినవాడి దగ్గర ఇవి సాగవని మర్యాదగా చెప్పాను. ఆయన కూడా మర్యాదగానే నవ్వాడు.
ఆరు రోల్స్. ఒక బకెట్. జిగురు. బ్రష్షు. నేను.

బుధవారం.
మొదటి పట్టీ బ్రహ్మాండం! కొంగ నన్ను చూసి గర్వపడుతున్నట్టుంది.
రెండో పట్టీ. పక్క కొంగ మెడ దీని మెడతో కలవాలంటే కాగితం అడుగు కిందికి లాగాలి. కింద మిగిలిన అడుగూ చెత్తలోకి. మూడో పట్టీ, మళ్ళీ చెత్తలోకి. నా లెక్కలో చెత్తకి చోటు లేదు. లెక్కలో లేనిది గోడ మీద ఎలా వస్తుందండీ?
రోల్ చివర మిగిలిన ముక్క చూస్తే గోడంత పొడవు లేదు. వైశాల్యం మాత్రం ఉంది. బోలెడంత ఉంది.

గురువారం.
గోడలు వంకర. ఇల్లు కట్టినవాడిని అనాలి.
కాగితం తడికి సాగుతోంది. తయారుచేసినవాడిని అనాలి.
మధ్యాహ్నం నుంచి ముక్కలు వృథా చెయ్యడం మానేశాను. పైన ఆరడుగుల ముక్క, కింద మూడడుగుల ముక్క. దూరం నుంచి చూస్తే తెలియదు. ఎంత దూరం నుంచి అనేది ఇంకా తేల్చలేదు.

శుక్రవారం.
మూడు గోడలయ్యాయి. కాగితం కూడా అయింది. నాలుగో గోడ బోడిగా నా వంక చూస్తోంది.
కొట్టుకి పరుగెత్తాను. ఆ బ్యాచ్ అయిపోయిందట. కొత్త బ్యాచ్‌లో నీలం కాస్త ఆకుపచ్చకి తిరిగింది. పక్కపక్కన పెడితే నాచుపట్టిన నీళ్ళు. వట్టి చేతులతో ఇంటికొచ్చాను.
నేను పిలవకుండానే తోడల్లుడు దిగబడ్డాడు, ఇటుగా వెళ్తూ అట. గోడ ముందు నిలబడి చాలాసేపు చూశాడు.
"ఏం తమ్ముడూ, ఈ కొంగకి మోకాలి దగ్గర ముక్కుందేమిటి?"
నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి అంది: "అది డిజైన్ పెదనాన్నా. మా నాన్న లెక్క ఎప్పుడూ తప్పదు."
ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

శనివారం.
పొద్దున అమ్మాయి ఫోన్లో నెమ్మదిగా మాట్లాడుతోంది. "జ్వరమే. మీరు రావద్దులే."
ఒళ్ళు ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది.
అప్పుడు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. పిల్ల నా కోసం అబద్ధమాడుతోంది. మోకాలి ముక్కు కొంగ కింద, నేల మీద కూర్చుని చెప్పేశాను: "లెక్క తప్పాను తల్లీ. కొట్టాయన చెప్పాడు, నేనే వినలేదు. గోడదీ కాదు, కాగితానిదీ కాదు. తప్పు నాది."
అది నా వైపు వింతగా చూసింది.
"నాన్నా, పోయిన నెల నాకు లెక్కల్లో వందకి ఇరవై రెండొచ్చాయి."
"నాకెందుకు చెప్పలేదు?"
"మనింట్లో లెక్కలు తప్పవు కదా."
ఏడుపొచ్చింది. నాకే. అది నా భుజం తట్టింది.
కాసేపటికి మళ్ళీ ఫోన్ చేసింది. జ్వరం తగ్గిందట, రమ్మంది. సాయంత్రం ముగ్గురూ ఏ కొంగ మెడ ఎక్కడుందో వెతుకుతూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తలుపు ఇవతల నుంచి విన్నాను. నవ్వనీ. గది దానిది.

ఆదివారం, ఉదయం ఏడు.
కొత్త తీర్మానం: నాలుగో గోడకి సాదా కాగితం. డిజైన్ గొడవ లేదు. తోడల్లుడిని పిలిచేది లేదు. అమ్మాయి, నేను విడివిడిగా లెక్క వేసి చూసుకోవాలి.
నాకు రెండు రోల్స్ వచ్చాయి. రెండు కూడా నిండా పట్టవు. ఎంత ముచ్చటైన జవాబు!
తనకి మూడొచ్చాయి.
"వైశాల్యం చూడు తల్లీ..."
"తప్పు నాన్నా. గోడ వెడల్పుకి ఏడు పట్టీలు కావాలి. రోల్‌కి మూడే వస్తాయి. మిగిలిన ముక్క గోడంత ఉండదు కదా."
నా మొహం మీదే అంది, గట్టిగా. ముందు కోపమొచ్చింది. నోటిదాకా కూడా వచ్చింది. మింగేశాను. ఈ ఇంట్లో 'తప్పు నాన్నా' అనడానికి దానికి పన్నెండేళ్ళు పట్టింది.
మూడు తేవడానికి బయల్దేరుతున్నాం.