గంగాళం పక్కన

12 జూన్ 1936, శుక్రవారం, బందరు

కోడలు సత్యవేణి గుడివాడలోని పుట్టింటి నుంచి మూడు నెలల పిల్లతో దిగింది. స్నానం నేనే పోశాను. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లను వాటి మీద పడుకోబెట్టి నలుగు పెట్టాను. చెంబు ఎత్తగానే ఒక మాట: దీన్ని గంగాళంలో ముంచెయ్యి. ఎవరూ అనలేదు. నా బుర్రే అంది. కుడి మణికట్టు ఎవరో తాడు కట్టి లాగినట్టు గుంజింది.

చెత్త.

13, శనివారం

మళ్ళీ అదే మాట, అదే గుంజుడు. చెయ్యి మాత్రం కదలలేదు, కళ్ళారా చూశాను. అంటే చెయ్యి కూడా అబద్ధాలు నేర్చింది. మిషన్ స్కూల్లో చదువుకుని, పిల్లల్ని పెంచిన దాని బుర్రలో ఇంత మురుగా?

16, మంగళవారం

మడిలో ఉన్నాను, పిల్లను నా దగ్గరకు తేవద్దన్నాను. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా మడే. స్నానం పనిమనిషి బుల్లెమ్మకు అప్పగించాను. పక్కింటి నాగేంద్రమ్మ వచ్చి, ఎంత నిష్ఠ పిన్నిగారూ, మీ కాళ్ళకు దణ్ణం పెట్టాలంది. మడికీ భయానికీ తేడా తెలియని మొహం.

19, శుక్రవారం

మా అబ్బాయి శేషగిరి డాక్టరును తెచ్చాడు. చెయ్యి గుంజుతోందన్నాను. దేనికి గుంజుతోందో అతను అడగలేదు, నేను చెప్పలేదు. నెర్వ్స్ అట. టానిక్ రాశాడు. కోటుకు ఇస్త్రీ ఉంది, బుర్రకు లేదు.

20, శనివారం, సాయంత్రం

సత్యవేణి మొగుడితో అంటోంది, నాకు వినపడాలనే. గుడ్డలు విప్పిన పసిపిల్లకు మైలేమిటండీ, ఆ మాత్రం నాకు తెలియదా అట. మగపిల్లాడైతే ఈ మడీ గిడీ గుర్తొచ్చేవా అట. రేపు రైలుకు పిల్లతో గుడివాడ వెళ్ళిపోతుందట, ఇక ఈ గడప తొక్కదట. శేషగిరి పొద్దున్నే జట్కా తెస్తానన్నాడు. ఎప్పుడూ ఇంతే.

అసలు మాట నా నోట్లో ఉంది. ఏమని చెప్పను? ఆడపిల్లని కాదమ్మా, ముంచేస్తానేమోనని, అనా?

21, ఆదివారం

ట్రంకుపెట్టె వీధరుగు మీదకు చేరింది. శేషగిరి జట్కా తెచ్చాడు. లోపల బుల్లెమ్మ పిల్లకు నలుగు పెడుతుంటే లేవమని నేను కూర్చున్నాను. సత్యవేణి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ముంచెయ్యి, అంది బుర్ర. మణికట్టు గుంజింది.

నాగేంద్రమ్మ వాగుతుంటే నేనెప్పుడైనా పని ఆపానా? దీనికీ అంతే మర్యాద. ఊఁ, ఇంకా? అన్నాను, పైకే. తనతోననుకుని పిల్ల బోసినోటితో నవ్వింది. నీళ్ళు పోశాను. ముంచెయ్యి, అంది. పోశాను. ఒళ్ళు తుడిచి, సాంబ్రాణి పొగ వేసి తల్లి చేతికిచ్చాను.

ఎవరితో మాట్లాడారత్తయ్యగారూ అంది సత్యవేణి. నాగేంద్రమ్మ చెల్లెలితో అన్నాను. పిల్లను భుజాన వేసుకుని, జట్కావాణ్ణి పంపేయమని మొగుడికి చెప్పింది.

22, సోమవారం

ఇవాళా ముంచెయ్యమంది. సున్నిపిండి అయిపోయింది, విసరాలి.