అలాస్కా నదిలో నువ్వు గుర్తుపెట్టిన దిబ్బ

ఒరేయ్ తమ్ముడూ,

మా షామ్‌బర్గ్ ఇంట్లో అలాస్కా మ్యాప్ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఈ దిబ్బ మీదే టెంటు వేద్దామక్కా" అన్నావు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేనూ మీ బావా చిన్న విమానంలో వచ్చాం. పైనుంచి చూస్తే నది విప్పేసిన జడలా పాతిక పాయలుగా ఉంది.

"ఇందులో మీ తమ్ముడి నది ఏదే?" అన్నారు బావ. నాకేం తెలుసు! మంచు కరిగిన ప్రతిసారీ పాయలు దారి మార్చుకుంటాయని, నీ దిబ్బ ఎప్పుడో మునిగిపోయిందని పైలట్ చెప్పాడు. ఆ ముక్క ముందే కనుక్కోవద్దూ?

వేరే దిబ్బ మీద దిగాం. దోమలు నోట్లోకే వస్తున్నాయి. "అక్కడ చెట్టన్నదే ఉండదక్కా, ఎంత దూరమైనా కనిపిస్తుంది" అని ఒకటే మురిసిపోయేవాడివి. నిజమేరా. బావ ఇటే చూస్తున్నారు, పైలట్ ఇటే చూస్తున్నాడు. కాసేపు ఏడుద్దామంటే చాటుకి ఒక్క చెట్టు లేదు.