రొసౌరాకి నెలలు నిండాయి

కుస్కో, సోమవారం

పెద్దమ్మకి నెమేసియో దండాలు.

ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ, ఫెలీసితాస్ చెల్లీ, మన మందలో అల్పాకాలూ కులాసా అని తలుస్తాను. చెల్లికి నెలలు నిండుతున్నాయి, బరువులెత్తనివ్వకు.

కాన్పు పరీక్షలో మళ్ళీ తప్పాను. కారణం నీకు తెలిసిందే, కళ్ళు తిరిగి పడిపోయాను. మొదటిసారి ఉమ్మనీరు పోయినప్పుడు పడ్డాను. ఈసారి ఆ తల్లి "అమ్మా" అందో లేదో, నేను నేల మీదున్నాను. మా టీచరమ్మ ఉబాల్దినా గారు "కాన్పు గదిలో మంచం తల్లికయ్యా, నీక్కాదు" అని అందరి ముందూ కడిగేశారు. ఇంకొక్క అవకాశమిచ్చారు. ఈసారీ పడితే నర్సింగ్ బడి నుంచి తిన్నగా మన దుంపల చేలోకే.

అందుకే రొసౌరాని నాకు అప్పగించారు. నిండు నెలలు. పొద్దున్నా సాయంత్రం ఆమె దగ్గరే ఉంటున్నాను. పొట్ట మీద చెయ్యేసి నొప్పి ఎప్పుడు పట్టింది, ఎప్పుడు వదిలింది చూడాలి. తొందరపడి ముక్కొద్దని చెప్పాలి. మొదట్లో చేతులు వణికేవి గానీ ఇప్పుడు ఆమె పక్కనుంటే గుండె దడ తగ్గింది.

నీ నెమేసియో

తా.క. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకు.


కోచాపాటా, గురువారం

ఒరేయ్ నెమేసియో,

ఎర్మెలిండా పెద్దమ్మ రాస్తున్నది. చెప్పొద్దన్నావని ఎవరికీ చెప్పలేదు. కాలవ దగ్గర ఉన్నవాళ్ళకి మాత్రం చెప్పాను.

బిడ్డ ముందు, పెళ్ళి తర్వాత. మనలో అందరిదీ అదే వరస, నేనేం తప్పు పట్టను. మీ పెదనాన్నతో మూడు పంటలు కాపురం చేశాకే నేను చర్చి మెట్లెక్కాను. కానీ పిల్లని ముందు మన గుమ్మం ఎక్కించొద్దా? కోడల్ని ఏడిపించే ఆ బుడిపెల దుంప చేతికిచ్చి తొక్క తీయించొద్దా? అవేం లేకుండా తిన్నగా టీచరు చేతిలో పెడతావా? మీ అమ్మ పోయాక నిన్ను పెంచిన దాన్ని, నాకు ఉత్తరంలో తెలియాలా!

ఏ ఊరి పిల్ల? పుట్టింటివాళ్ళెవరు? తిండి సరిగా తింటోందా? బస్సు డ్రైవరు కసియానోతో కోడిని పంపుతున్నా, పులుసు కాచి పట్టు.

నీ పెద్దమ్మ

తా.క. కోడి మహా పొగరుబోతుది. దారిలో కసియానో టోపీలో గుడ్డు పెడితే ఆ గుడ్డూ మనదే, అడిగి తీసుకో.


కుస్కో, శనివారం

పెద్దమ్మకి,

నవ్వలేక చచ్చాను! ఇక్కడ అందరూ రొసౌరా నా పెళ్ళామనే ఏడిపిస్తారు. నువ్వూ మొదలుపెట్టావా? సరే, అడిగావు కాబట్టి చెప్తున్నా.

నీ కోడలి పుట్టిల్లు లిమా. లారీలో గడ్డి పరిచి పడుకోబెట్టి తెచ్చారు. అమ్మా నాన్నా లేరు. దుంప తొక్క తీయదు, వేళ్ళు విడిపడితేగా! తిండీ తినదు, నీ కోడి పులుసు నేనూ టీచరమ్మా తాగేశాం. కాన్పులు ఆమెకి కొత్త కాదు. మొన్న ఒక్క మధ్యాహ్నం నలుగురిని కంది, క్లాసంతా చూస్తుండగా. కిక్కురుమంటే ఒట్టు! ఎడమ కాలు ఊడి వస్తుంటే నేనే మేకు కొట్టాను.

బుధవారం పొద్దున్నే పరీక్ష, పెద్ద హాల్లో, బల్ల మీద. నాకోసం ఒక కొవ్వొత్తి వెలిగించు.

నెమేసియో

తా.క. క్లాసు అయ్యాక ఆమెని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. లేకపోతే ఎలకలు కొరుకుతాయి.


కోచాపాటా, ఆదివారం

దుర్మార్గుడా,

నలుగురా! మన అల్పాకా ఏడాదికి ఒక్కదాన్ని ఈనితేనే మెడలో దండేసి మొక్కుతామే, నలుగురిని కన్నదాన్ని బీరువాలో పెడతారా? పులుసు నువ్వు తాగుతావా? కాలికి మేకా? ఇదేనా ఆ బడిలో నేర్పేది? తల్లీ తండ్రీ లేని పిల్లంటే అంత అలుసా?

బుధవారానికి వస్తున్నాను. ఫెలీసితాస్ మొగుడు గనిలో ఉన్నాడు, దాన్నొక్కదాన్నే వదల్లేను, వెంట తెస్తున్నా. అదేమో ఆసుపత్రి పేరెత్తితేనే వణుకుతుంది. పరాయివాళ్ళు ముట్టుకోకూడదట, ఉన్ని కత్తిరించే గొర్రెలా వెల్లకిలా పడుకోదట. నిజమే కదా? మీ అమ్మ నిన్ను కన్నప్పుడు పట్టుకున్న తాడు మూటలో పెట్టాను. మన రొసౌరా ఆ తాడు పట్టుకుని, కూర్చుని, మర్యాదగా కంటుంది. వెనక నేను పట్టుకుంటా.

ఎర్మెలిండా

తా.క. ఆ నలుగురు పిల్లలేరిరా? నాలుగు టోపీలు అల్లాను.


కుస్కో, మరుసటి సోమవారం

పెద్దమ్మకి,

క్షేమంగా ఇల్లు చేరారని కసియానో చెప్పాడు. నువ్వు పడిపోయాక ఏం జరిగిందో నీకు తెలీదు కదా, అందుకే రాస్తున్నా.

నువ్వు హాల్లోకి దూసుకొచ్చి రొసౌరా మీద దుప్పటి కప్పడం, టీచరమ్మని "రాక్షసీ" అనడం నీకు గుర్తుండే ఉంటుంది. "లే తల్లీ, ఇంటికి పోదాం" అని లాగితే చెయ్యి ఊడి నీ చేతిలోకొచ్చింది. అయ్యో పెద్దమ్మా, రొసౌరా కాన్పు నేర్పే బొమ్మ అని నీకు తెలుసనే నేను వేళాకోళమాడాను! ఆ చెయ్యి చూసి నువ్వు కేక పెట్టడం, గుమ్మం దగ్గర చెల్లికి ఉమ్మనీరు పోవడం ఒకేసారి జరిగాయి.

దూలానికి తాడు వేశావు. చెల్లిని వెనక నుంచి పట్టుకున్నావు. "నెమేసియో అన్న తప్ప ఎవరూ ముట్టుకోవద్దు" అందది. ఆ వెంటనే "అమ్మా!" అంది. నాకు కళ్ళు మసకలయ్యాయి. ఇక దుంపల చేనే అనుకున్నాను. అంతలో ధబ్బుమని చప్పుడు. చూస్తే పడింది నేను కాదు, నువ్వు!

ఇప్పుడు నేనూ పడితే చెల్లి గతేం కాను? టీచరమ్మ పరుగున వచ్చి చెల్లిని పట్టుకున్నారు. దాని పావడాల కింద నా చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి. "ఇప్పుడే ముక్కకు, ఊపిరి ఊదు" అన్నాను. తల మెల్లగా రానిచ్చాను. పాపని తుడిచి తల్లి గుండెల మీద వేసి ఇద్దరికీ శాలువా కప్పాను. బొడ్డుతాడు లాగకుండా ఓపిక పట్టాను. మన పద్ధతిలో చెల్లి ఖాళీ సీసాలోకి ఊదుతుంటే మాయ దానంతటదే వచ్చింది. గర్భసంచి గట్టిపడి రక్తం తగ్గేదాకా పొట్ట మీంచి చెయ్యి తీయలేదు. టీచరమ్మ "ఇక బొమ్మతో పనేముంది? పాసయ్యావు పో" అన్నారు. పెద్దమ్మా, నేను పాసయ్యాను!

కానీ నీ తల సంగతేంటి? నా జబ్బు నీకు అంటించానని ఆ బుధవారం నుంచీ ఒకటే బాధగా ఉంది.

నెమేసియో

తా.క. నువ్వు పడ్డ చోట పరుపులు పేర్చి ఉండబట్టి సరిపోయింది. మన అదృష్టం!


కోచాపాటా, బుధవారం

నా తండ్రీ నెమేసియో,

చల్లగా ఉండు. పాపకి రొసౌరా అనే పేరు పెట్టాం. గుక్కపట్టి ఏడుస్తుంది, ఆ విషయంలో బొమ్మే నయం. మాయని పొయ్యి పక్కన పాతిపెట్టాం. దారిలో నా ఒళ్ళో మాయ ఉన్న కుండ చూసి కసియానో చిచ్చా సారా అనుకున్నాడు, ఓ గుక్క పొయ్యమని ఊరొచ్చేదాకా ప్రాణం తీశాడు.

ఒరేయ్ పిచ్చి సన్నాసీ! ఆరుగురిని కన్నదాన్ని, మంచులో అల్పాకాలకి పురుడు పోసేదాన్ని, నాకు కళ్ళు తిరుగుతాయట్రా? తలెత్తేసరికి నీ మొహం ఎండబెట్టిన తెల్ల చున్యో దుంపలా పాలిపోయి ఉంది. ఇంకో క్షణంలో పడిపోయేవాడివి. ఒక కాన్పు దగ్గర ఇద్దరు పడడానికి లేదు, అందుకని నేనే ముందు పడ్డాను. చెల్లిని పట్టుకోమని ఆ టీచరమ్మకి కన్ను గీటి మరీ పడ్డాను. రాక్షసి కాదురా, తెలివైంది, ఇట్టే అందుకుంది.

పరుపులు అదృష్టమట! హాల్లో అడుగు పెట్టగానే చూసి ఉంచుకున్నవే.

పడ్డాక కూడా ఒక కన్ను తెరిచే ఉంచాను. నీ చేతులు చూశాను నాన్నా. ఒక్కసారైనా వణకలేదు. ఏడుపొచ్చింది, స్పృహ తప్పినదాన్ని ఏడిస్తే బాగుండదని ఆపుకున్నాను.

నీ పెద్దమ్మ ఎర్మెలిండా

తా.క. రొసౌరా మీద కప్పిన దుప్పటి వెనక్కి పంపకు, ఆ బీరువాలో చలి.

ఇంకో తా.క. మూడు టోపీలు మిగిలిపోయాయి. ఊళ్ళో ముగ్గురికి నెలలు నిండుతున్నాయి, ఆసుపత్రికి మాత్రం రామంటున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడే మన గుమ్మంలో కూర్చుని అడుగుతున్నారు, నువ్వు ఏ బస్సుకి వస్తావని.